1974 బర్‌బ్యాంక్ టేపు: లెనన్, మెకార్ట్నీ కలిసి వాయించిన ఆ అరగంటను వినాలా, వద్దా?

పాత క్యాసెట్:
నిన్న రాత్రి ఆ టేపు మళ్లీ మొదటి నుంచి చివరి దాకా విన్నాను. 'ఎ టూట్ అండ్ ఎ స్నోర్ ఇన్ '74' పేరుతో 1992లో అనుమతి లేకుండా బయటికొచ్చిన సీడీ ఇది. 1970లో బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ విడిపోయిన తరువాత అందులోని జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ కలిసి వాయించిన రికార్డింగు మనకు తెలిసినంతలో ఇదొక్కటే. అందుకే దీనికొక సమీక్ష రాయాలనిపించింది.

1974 మార్చి 28 రాత్రి, కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్ స్టూడియో. అమెరికన్ గాయకుడు హ్యారీ నిల్సన్ ఆల్బమ్ 'పుసీ క్యాట్స్'కు లెనన్ నిర్మాత. అది ఆ పనికి మొదటి రాత్రి. మెకార్ట్నీ, ఆయన భార్య లిండా అక్కడికి వచ్చారు. లెనన్ గిటారు పట్టుకుని పాడుతుంటే మెకార్ట్నీ డ్రమ్ముల వెనుక కూర్చున్నాడు. ఎలక్ట్రిక్ పియానో మీద గాయకుడు స్టీవీ వండర్, ఆర్గన్ మీద లిండా, టాంబరిన్‌తో అప్పట్లో లెనన్ ప్రేయసి మే పాంగ్. జెస్సీ ఎడ్ డేవిస్ గిటారు, బాబీ కీస్ శాక్సోఫోన్ కూడా ఉన్నాయి.

ఇంతమంది ఒక గదిలో చేరితే ఏమి వినిపించాలి? వినిపించేది తడబాటు. 'స్టాండ్ బై మీ' ఎత్తుకోవడం, ఆపడం, మళ్లీ ఎత్తుకోవడం. మధ్యలో మైకు బాగాలేదని, హెడ్‌ఫోన్లలో సరిగా వినిపించడం లేదని లెనన్ విసుగు. స్టీవీ వండర్‌ను కొకైన్ కావాలా అని లెనన్ అడిగిన మాట ఒకటుంది. 'టూట్' అంటే కొకైన్ పీల్చడం, సీడీ పేరు అక్కడి నుంచే వచ్చింది. ఒక్క 'లూసిల్' మాత్రం కాసేపు పాటలా నిలబడుతుంది.

సంగీతంగా నా లెక్క అయిదుకు ఒకటి. అయినా ఈ టేపు పోకూడదని, ప్రతి బీటిల్స్ అభిమానీ ఒక్కసారైనా వినాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

గోదావరి గట్టు:
వినకూడదని నేనంటాను. మీ సమీక్షలోనే కారణం ఉంది. మత్తులో ఉన్న మనుషులు, తమలో తాము మాట్లాడుకున్న మాటలు. ఇవి లోకానికి చేరతాయని ఆ గదిలో ఎవరూ అనుకోలేదు. మీ ఇంట్లో పెళ్లికి ముందురోజు రాత్రి, భోజనాలయ్యాక మేడ మీద బంధువులంతా చేరి పాడుకుంటారు, ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. దాన్ని ఎవరో దొంగచాటుగా రికార్డు చేసి, ఇరవై ఏళ్ల తరువాత సీడీ వేసి అమ్మితే మీకెలా ఉంటుంది? లెనన్ 1980లోనే హత్యకు గురయ్యాడు. సీడీ వచ్చేనాటికి వద్దని చెప్పడానికి కూడా ఆయన లేడు. దాని మీద డబ్బు చేసుకున్నవాళ్లకు ఆ సంగీతంతో ఏ సంబంధమూ లేదు.

పల్లకి:
గోదావరి గట్టు గారూ, ఈ లెక్కన మన కర్ణాటక సంగీతంలో సగం పోగొట్టుకునేవాళ్లం. ఎన్నో పాత కచేరీలు ఈరోజు మిగిలాయంటే ఎవరో రసికుడు ముందు వరుసలో టేపు రికార్డరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నందువల్లే కదా?

గోదావరి గట్టు:
అది వేరు, ఇది వేరు. కచేరీలో విద్వాంసుడు శ్రోతల కోసం పాడాడు. ఎదురుగా వందమంది ఉన్నారని ఆయనకు తెలుసు. బర్‌బ్యాంక్‌లో ఎదురుగా శ్రోతే లేడు. బీటిల్స్ సొంత స్టూడియో టేపులు 1995, 96లలో 'ఆంథాలజీ'గా వచ్చాయి. 2021లో 'గెట్ బ్యాక్' డాక్యుమెంటరీలో 1969 నాటి రిహార్సళ్లు గంటల కొద్దీ చూపించారు. వాటిలోనూ తడబాట్లున్నాయి, తగువులున్నాయి. కానీ బతికున్నవాళ్లు, పోయినవాళ్ల కుటుంబాలు ఒప్పుకున్నాకే అవి మన దగ్గరికి వచ్చాయి. ఈ టేపును ఇంతవరకూ అలా ఎవరూ విడుదల చేయలేదు.

కీబోర్డు:
వినాలా వద్దా అన్నది మీరు తేల్చుకోండి. 'అయిదుకు ఒకటి' అన్న మాట మీదే నాకు అభ్యంతరం. నేను పెళ్లిళ్లలో, గుడి ఉత్సవాల్లో వాయించేవాణ్ణి. ఒకసారి వేదిక మీద మా వైపు తిప్పి పెట్టిన స్పీకరు పనిచేయలేదు. జనానికి బాగానే వినిపిస్తోంది, మా గాయకుడికే తన గొంతు వినిపించడం లేదు. పదేళ్లుగా పాడుతున్న పాటలో చరణం ఎత్తుకోవడమే శ్రుతి తప్పాడు. ఒక చెవి మూసుకుని, నా కీబోర్డు మీదికి వంగి, నేను నొక్కే స్వరం పట్టుకుని ఎలాగో గట్టెక్కాడు.

లెనన్ హెడ్‌ఫోన్ల గురించి విసుక్కున్నాడంటే నాకు అదే గుర్తొస్తుంది. స్టూడియోలో గాయకుడికి హెడ్‌ఫోనే చెవి. తన గొంతు తనకు తగ్గితే గట్టిగా అరుస్తాడు, పెరిగితే మెల్లగా పాడి కిందికి జారతాడు. మీరు మత్తు ఖాతాలో వేసిన తడబాటులో కొంత ఇందువల్ల వచ్చి ఉండవచ్చు.

ఇంకొకటి. వాళ్లు ఎత్తుకున్న పాటలు చూడండి. లిటిల్ రిచర్డ్ 1957 నాటి 'లూసిల్', బెన్ ఇ. కింగ్ 1961 నాటి 'స్టాండ్ బై మీ', శామ్ కుక్ పాటలు 'క్యుపిడ్', 'చెయిన్ గ్యాంగ్'. బీటిల్స్ పాట ఒక్కటీ లేదు. పరిచయం లేని వాద్యకారులు ఒకచోట చేరితే మేమూ అంతే, అందరి చేతులకూ అలవాటైన పాత పాటే మొదట వస్తుంది. అది ప్రదర్శన కాదు, వేళ్లు కలుపుకోవడం. దానికి మార్కులు వేయడమంటే వంట మధ్యలో మూత తీసి, ఉడకని పప్పు రుచి చూసి బాగాలేదనడమే. స్టీవీ వండర్ పియానో ఒక్కటే పట్టుకుని మళ్లీ వినండి. చుట్టూ ఎవరెంత చెదిరిపోతున్నా ఆయన లయ వదలడు.

పాత క్యాసెట్:
కీబోర్డు గారూ, మీరు చెప్పినట్టే పియానో పట్టుకుని విన్నాను. మీ మాట నిజం. ఆ 'అయిదుకు ఒకటి' వెనక్కి తీసుకుంటున్నాను, దీనికి మార్కులే వేయను.

గోదావరి గట్టు గారికి మాత్రం ఇది చెప్పాలి. ఈ ఇద్దరి గురించి నేను చదివి పెరిగింది పగ కథ. 1970 డిసెంబరు 31న మెకార్ట్నీ మిగతా ముగ్గురు బీటిల్స్ మీద కోర్టుకెక్కాడు. 1971లో లెనన్ 'హౌ డూ యూ స్లీప్' పాటలో ఆయన్ను చీల్చి చెండాడాడు. 1974 మార్చి నాటికి లెనన్ తన భార్య యోకోకు దూరంగా లాస్ ఏంజెలెస్‌లో ఉన్నాడు. ఈ రాత్రికి సరిగ్గా పదహారు రోజుల ముందే ట్రూబడోర్ క్లబ్బులో అల్లరి చేసినందుకు ఆయన్నూ నిల్సన్‌నూ బయటికి గెంటేశారు. అంత చెడ్డ రోజుల్లో మెకార్ట్నీ వస్తే ఏమైంది? నిలదీయలేదు, లెక్కలు తేల్చుకోలేదు. ఒకడు గిటారు పట్టుకున్నాడు, ఇంకొకడు ఖాళీగా ఉన్న డ్రమ్ముల వెనుక కూర్చున్నాడు. ఈ సంగతి నాకు ఏ జీవిత చరిత్రా ఇంత నమ్మకంగా చెప్పలేదు.

మైకు పెంచమని లెనన్ గొడవ పడుతున్న చోట, డ్రమ్ముల దగ్గర నుంచి మెకార్ట్నీ హార్మొనీ (తోడు గొంతు) పాడుతున్నాడని లెనన్ ఇంజనీరుకు చెబుతాడు. స్టీవీకి కూడా మైకు దొరికితే బాగుంటుందంటాడు. తన పాట ఆగిపోయి ఉంది, అయినా పక్కవాళ్ల గొంతులు వినిపించాలని చూస్తున్నాడు. నేను ప్రతిసారీ అక్కడ ఆపి వెనక్కి తిప్పుతాను.

గోదావరి గట్టు:
ఆ మాట నేనూ విన్నాను. ఏళ్ల కిందట ఒక మిత్రుడి ఇంట్లో, ఒకే ఒక్కసారి. నాకూ గొంతు పట్టేసింది. కానీ అది లెనన్ ఆ గదిలోని ఇంజనీరుకు చెప్పిన మాట, నాకు కాదు. మెకార్ట్నీ ఒప్పుకుని, లెనన్ కుటుంబం ఒప్పుకుని దీన్ని విడుదల చేసిన రోజున మొదటి కాపీ నేనే కొంటాను. అప్పటిదాకా మళ్లీ వినను.

పల్లకి:
పాత క్యాసెట్ గారూ, ఆ మాట ఎన్నో నిమిషంలో వస్తుందో చెప్పగలరా? నేను వింటాను.