ఆర్కెస్ట్రా ఆడిషన్లలో తెర ఉండాలా, తీసేయాలా?

వయోలా_17:
2020లో న్యూయార్క్ టైమ్స్ సంగీత విమర్శకుడు ఆంథొనీ టోమసీని ఒక వ్యాసం రాశారు. తెర వెనక ఎవరున్నారో తెలియకుండా వాయింపు మాత్రమే విని ఎంచుకుంటే ఆర్కెస్ట్రాల్లో నల్లజాతి వాద్యకారులు పెరగరు కాబట్టి ఆ తెర తీసేయాలన్నది ఆయన వాదన. ఆ చర్చ ఇంకా నడుస్తూనే ఉంది. నేను తెర వైపే.

ఎందుకో చెప్తాను. నేను ఇచ్చిన మొదటి ఆడిషన్‌లో పేరు లేదు, నంబరు 17. స్టేజి మీద కార్పెట్ పరిచారు. మడమల చప్పుడు బట్టి ఆడో మగో పోల్చుకుంటారని బూట్లు కూడా విప్పమన్నారు. నోరు విప్పకూడదు. ఏదైనా అడగాలంటే పక్కన నిలబడ్డ మనిషి చెవిలో చెప్పాలి, ఆయన కమిటీని అడుగుతాడు. స్ట్రాస్ ‘డాన్ హువాన్’ మొదటి పేజీ పూర్తవకముందే తెర అవతల నుంచి ‘థాంక్యూ’ అన్నారు. బయటికొచ్చి ఏడ్చాను. కానీ నన్ను చూసి పంపేశారేమో అన్న అనుమానం మాత్రం ఒక్క క్షణం కూడా రాలేదు. ఆ నిశ్చింత చాలా పెద్దది.

చెల్లో_వెనకవరస:
వయోలా గారూ, మీ బాధ నాకు తెలుసు, నేనూ అలాంటివి చాలా ఇచ్చాను. కానీ ఆ తెర దాకా వచ్చేదెవరు? మంచి చెల్లో (కూర్చుని వాయించే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) కొనాలి, ఏళ్ల తరబడి మంచి గురువు దగ్గర ఫీజు కట్టాలి. ఆడిషన్‌కి వెళ్తే విమానంలో చెల్లోకి ఇంకో టికెట్టు. అంతా అయ్యాక ‘ఈసారి ఎవరినీ తీసుకోవట్లేదు’ అని పంపేసిన రోజులున్నాయి. లీగ్ ఆఫ్ అమెరికన్ ఆర్కెస్ట్రాస్ 2014 లెక్కల్లో అక్కడి ఆర్కెస్ట్రాల్లో నల్లజాతి వాద్యకారులు 1.8 శాతం. ఇన్నేళ్లు తెర ఉండి సాధించింది ఇదా?

ఇంకోటి. పక్కవాడి విల్లు చూసి ఊపిరి కలపడమే ఆర్కెస్ట్రా పని. ఒంటరిగా అయిదారు ముక్కలు వాయిస్తే అది ఎలా తెలుస్తుంది?

పాత_శ్రోత:
తెర వల్ల మహిళలకి అవకాశాలు పెరిగాయని గోల్డిన్, రౌజ్ అనే ఆర్థికవేత్తలు 2000లో ఒక అధ్యయనం వేశారు. అందరూ దాన్నే పట్టుకుంటారు. నమూనా చిన్నది, అంత గట్టిగా చెప్పలేమని తర్వాత గణాంక నిపుణులు అన్నారు. అది కూడా చెప్పుకోవడం న్యాయం. అయితే న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌లో 2022 నాటికి మహిళలు మగవాళ్లని దాటారు. వియన్నా ఫిల్‌హార్మోనిక్ అయితే 1997 దాకా ఒక్క మహిళకీ సభ్యత్వం ఇవ్వలేదు. ఇంత మార్పు తెర ఒక్కదాని వల్లే వచ్చిందని అనను.

వయోలా_17:
చెల్లో గారూ, ఫీజులు, టికెట్ల సంగతి పూర్తిగా ఒప్పుకుంటాను. అది తెర చేసిన తప్పు కాదు కదా. తెర తీస్తే చెల్లో చవకవుతుందా?

అబీ కోనాంట్ సంగతి గుర్తు చేసుకోండి. 1980లో మ్యూనిక్ ఫిల్‌హార్మోనిక్ ఆమెని ఆడిషన్‌కి పిలుస్తూ మగవాడనుకుని ‘హెర్’ అని ఉత్తరం రాసింది. తెర వెనక నుంచి ట్రాంబోన్ (ఊదే ఇత్తడి వాద్యం) వాయించి 33 మందిలో గెలిచింది. తర్వాత ఆ ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ చెలిబిదాకే సోలో ట్రాంబోన్‌కి మగవాడే కావాలని ఆమెని రెండో స్థానానికి దించాడు. ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిరిగింది. ఉద్యోగం ఇచ్చింది తెర. దించింది కళ్లతో చూసినవాళ్లు.

చెల్లో_వెనకవరస:
సరిగ్గా అక్కడికే వస్తున్నాను. 1969లో ఆర్థర్ డేవిస్, ఎర్ల్ మాడిసన్ అనే ఇద్దరు నల్లజాతి వాద్యకారులు న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ మీద నగర మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు చేశారు. శాశ్వత ఉద్యోగాల్లో వివక్ష రుజువు కాలేదు. సబ్‌స్టిట్యూట్‌లని (రానివాళ్ల బదులు తాత్కాలికంగా వాయించేవాళ్లని) పిలవడంలో మాత్రం ఉందని 1970లో కమిషన్ తేల్చింది. తెలిసినవాళ్లకి తెలిసినవాళ్లు ఫోన్ చేసుకునే పద్ధతి అది. ఇవాళ్టికీ చాలాచోట్ల అంతే. నాకూ మొదటి పని అలా వచ్చిందే, మా గురువుగారి ఫోను వల్ల. అందుకే ఈ మాట నాకు గుచ్చుకుంటుంది. ఒక్క గుమ్మానికి తెర కట్టి మిగతా గుమ్మాలు తెరిచి పెట్టారు.

వయోలా_17:
అయితే మనం కొట్టుకోవాల్సిన పని లేదండీ, ఆ గుమ్మాలకీ కడదాం. సబ్‌స్టిట్యూట్ జాబితాకి కూడా తెర వెనక ఆడిషన్ పెట్టాలి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో చివరి రౌండులో కూడా తెర ఉంటుంది. చాలాచోట్ల చివర్లో తీసేస్తారు, అదీ మానాలి. కలిసి వాయించడం ఎలా ఉందో చూడటానికి ప్రొబేషన్ ఎలాగూ ఉంది. ఆ ఏడాదో రెండేళ్లో అయ్యాక వద్దంటే కారణం కాగితం మీద రాసి ఇవ్వాలి. వచ్చే నెల నాకు ఇంకో ఆడిషన్ ఉంది, చివరి రౌండుకి తెర తీస్తారట. ఉంచమని ఈరోజే ఉత్తరం రాస్తున్నాను. మీరూ సంతకం పెడతారా?

చెల్లో_వెనకవరస:
సబ్‌స్టిట్యూట్ల మాట కూడా అందులో చేర్చండి, పెడతాను.