బొగ్గుపులుసు వాయువులో ‘పులుసు’ ఎక్కడిది?

మా నాన్నగారు నరసన్నపేట దగ్గర ఒక ఊళ్లో సైన్సు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మొన్న మా అమ్మాయి పాఠం పైకి చదువుకుంటూ ‘కార్బన్ డయాక్సైడ్’ అనగానే, పడకకుర్చీలోంచి ‘బొగ్గుపులుసు వాయువు’ అని అందుకున్నారు. ‘చేపల పులుసు తెలుసు గానీ ఇదేం పులుసు తాతయ్యా?’ అని అది ఒకటే నవ్వు.

ఆయన నవ్వలేదు. గోలీసోడా తెప్పించి, ఉప్పూ నిమ్మరసమూ కలపకుండా గ్లాసులో పోసి, పులుపు తగిలితే ఎర్రబడే నీలి లిట్మస్ కాగితం ముంచారు. మరీ ఎర్రబడలేదు గానీ నేరేడుపండు మరకలాంటి రంగుకు తిరిగింది. మిగిలిన సోడాను చాలాసేపు గాలికి వదిలేసి తాగి చూడమన్నారు. చురుకు పోయి చప్పటి నీళ్లే మిగిలాయి. గోలీని సీసా మెడకు అదిమిపట్టిందీ, నాలుకను చురుక్కుమనిపించిందీ ఒకటే వాయువు.

పులుసంటే వంటకమే కాదు, పులుపు కూడా. బొగ్గు మండితే పుట్టేది, నీళ్లలో కరిగితే పులిసేది అని ఒక్క మాటలో చెప్పేశారు పాతవాళ్లు. ‘ఆమ్లజని’ సంగతి చూడండి. ఫ్రెంచి శాస్త్రవేత్త లవోయిజియే ఆక్సిజన్‌కు పెట్టిన పేరుకు మక్కికి మక్కి అనువాదం. ఆమ్లాలన్నిటికీ ఆక్సిజనే మూలమని ఆయన పొరబడ్డాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేనే లేదు. గంభీరమైన సంస్కృత పదం ఆ పొరపాటును ఇప్పటికీ మోస్తోంది. వంటింటి మాటకు ఆ బరువు లేదు.

నా సందేహం వేరే. గాలిలో బొగ్గుపులుసు వాయువులా అతి కొద్దిగా ఉండే వాటిని ఇంగ్లీషులో ట్రేస్ గ్యాస్ అంటారు. ‘లేశవాయువు’ అందామంటే లెక్కలోకి రానిదన్న ధ్వని వస్తోంది. మంచి మాట చెప్పండి.

ఆమదాలవలస నుంచి ఒకరు:
లేశమే సరైన మాటండీ. గాలిలో 10,000 అణువులకు ఇది నాలుగు పైచిలుకు. 1958లో అమెరికన్ శాస్త్రవేత్త కీలింగ్ హవాయిలోని మౌనా లోవా కొండ మీద కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షలకు దాదాపు 315, ఇప్పుడు 420 దాటింది. గాలిలో ముప్పాతిక పైన ఉన్న నత్రజని భూమి వదిలే వేడిని పోనిస్తుంది, ఈ లేశం పట్టుకుంటుంది. పులుసులో ఇంగువ ఎంత వేస్తారు? ఇల్లంతా వాసన రాదూ?

బొబ్బిలి నుంచి ఇంకొకరు:
ఇంగువ బాగుంది. పులుసుతోనే నాకు పేచీ. పొడి వాయువులో పులుపు లేదు కదా? మబ్బులోని నీటిబిందువుల్లో కరిగాకే కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. అందుకే ఏ కాలుష్యమూ లేని వాననీటికైనా పీహెచ్ (పులుపును కొలిచే లెక్క; 7 కంటే తగ్గితే పులుపు, పెరిగితే క్షారం) 5.6 దగ్గర ఉంటుంది, కొద్దిగా పులుపే. అలాగని కళింగపట్నం వెళ్లి సముద్రం పులిసిపోయిందనకండి. పారిశ్రామిక యుగానికి ముందు సముద్రాల పైపొర పీహెచ్ సుమారు 8.2, ఇప్పుడు 8.1. క్షారగుణం తగ్గుతోంది, అంతే. గవ్వలకూ పగడాలకూ ఆ తగ్గడమే ప్రమాదం. గుణం నీటిది కూడా అయినప్పుడు వాయువుకు ఆ పేరెలా పెడతారు?

మళ్లీ నేను:
మీ అభ్యంతరం నాన్నగారికి చదివి వినిపించాను. ‘చింతపండైనా నీళ్లలో పిసికితేనే కదా పులుసు’ అన్నారు.