అప్‌డేట్: పెదజాలారిపేటలో పథకాల కవరేజీ లెక్క

విశాఖలోని ఈ మత్స్యకారుల పేటలో ఎంత శాతం మందికి ప్రభుత్వ పథకాలు అందుతున్నాయో (అదే కవరేజీ) నా ప్రాజెక్టు రిపోర్టు కోసం లెక్కిస్తున్నాను. పింఛన్, మత్స్యకార భృతి, ఉజ్జ్వల జాబితాలు కూడితే జనాభాకంటే లబ్ధిదారులే ఎక్కువ వస్తున్నారు, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. మీరు చెప్పినట్టే జాబితాలు పక్కనపెట్టి, ఇంటింటికీ మనుషుల పట్టిక రాసుకున్నాం. ఎన్ని పథకాలు వచ్చినా ఒక మనిషి ఒక్కసారే. ఆ సమస్య తీరిపోయింది.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. ఐదుగురున్న ఇంట్లో మామ్మగారికి నెలకు 4,000 పింఛన్. నేరుగా అందుకున్నవాళ్లనే లెక్కిస్తే ఒక్కరు, అంటే 20 శాతం. ప్రపంచ బ్యాంకు ఆస్పైర్ (వివిధ దేశాల సామాజిక భద్రతా పథకాల గణాంకాల డేటాబేస్) పద్ధతిలో ఇంట్లో ఒక్కరికి అందినా ఇంట్లోవాళ్లంతా లెక్కలోకి వస్తారు, 100 శాతం! రెండూ తప్పు కాదు. అందుకే రిపోర్టులో రెండు కాలమ్‌లు పెట్టాను. ప్రాజెక్టు గైడ్‌గారు గొణిగారు గానీ ఒప్పుకున్నారు.

ఇంకోటి, వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. దానికి భృతిగా ఇచ్చే 20,000 ఏడాదికి ఒక్కసారే. "గత నెలలో ఏమైనా అందిందా" అని నవంబరులో అడిగితే సగం పేట లెక్కలోంచి ఎగిరిపోతుంది. ప్రశ్నను "గత 12 నెలల్లో" అని మార్చాం.

రేషన్ బియ్యం కలపాలా వద్దా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి విడిగా చూపిస్తున్నాను.