సికిల్ సెల్ జబ్బులో మారిన అక్షరం ఒక్కటే అయినా తీవ్రత అందరిలో ఒకేలా ఎందుకు ఉండదు? డీఎన్‌ఏ మడతల గురించి ఒక సందేహం

ప్రశ్న: ప్రాణహిత గట్టు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

మిత్రులకు నమస్కారం. నేను సిరొంచ తాలూకాలోని ఒక ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రం బోధిస్తున్నాను. పాఠం మరాఠీలో చెప్పినా, తరగతి ముగిశాక పిల్లల సందేహాలు తెలుగులోనే వస్తాయి కాబట్టి ఈ ప్రశ్నను ఇక్కడ అడగడమే సబబనిపించింది.

మా వైపు సికిల్ సెల్ జబ్బు గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. ఏ ఇంట్లో ఏఎస్ (ఒకే సికిల్ జన్యువున్న వాహకులు) ఉన్నారో, ఏ ఇంట్లో ఎస్ఎస్ (రెండు సికిల్ జన్యువులతో జబ్బున్నవారు) ఉన్నారో పిల్లలకు సైతం తెలుసు. 11వ క్రోమోజోముపై ఉన్న బీటా గ్లోబిన్ (హీమోగ్లోబిన్‌లోని ఒక ప్రోటీను) జన్యువులో జీఏజీ అనే మూడక్షరాలు ఉండవలసిన చోట జీటీజీ ఉండటం, దానివల్ల గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో వేలిన్ చేరటం, ఆ హీమోగ్లోబిన్ ప్రాణవాయువును వదిలినప్పుడు పొడవాటి పోగులుగా పేరుకొని కణాన్ని కొడవలిలా వంచటం వరకు పాఠం సాఫీగానే సాగుతుంది. చిక్కంతా ఆ తరువాతే. మా ఊరిలో ఇద్దరు అన్నదమ్ములున్నారు. తల్లిదండ్రులిద్దరూ వాహకులు, పిల్లలిద్దరూ ఎస్ఎస్. పెద్దవాడు తరచూ ఒళ్లునొప్పులతో ఆసుపత్రి పాలవుతుంటాడు. చిన్నవాడు మాత్రం బడికి దాదాపుగా నాగా పెట్టడు. మారిన అక్షరం ఒక్కటే అయినప్పుడు ఇద్దరికీ జబ్బు ఒకేలా ఉండాలి కదా అని ఒక విద్యార్థిని అడిగింది. డీఎన్‌ఏలో అక్షరాల వరుస ఒక్కటే ముఖ్యం కాదని, అది కేంద్రకంలో ఎలా మడతపడి ఉన్నదన్నది కూడా ముఖ్యమని చెప్పాను. వెంటనే మరొకడు, ఎర్ర రక్తకణంలో కేంద్రకమే లేనప్పుడు మడతల మాట ఎక్కడిదని నిలదీశాడు. ఈ రెండు ప్రశ్నలకూ పిల్లలకు చెప్పదగిన సరైన జవాబు కావాలి.

సమాధానం: మహేంద్రగిరి (పర్లాకిమిడి)

మాది పర్లాకిమిడి. ప్రస్తుతం బరంపురంలో జీవశాస్త్ర విద్యార్థులకు పాఠాలు చెబుతున్నాను. ముందుగా రెండవ పిల్లవాడి ప్రశ్నకు జవాబిస్తాను, ఎందుకంటే అది నిజంగా మెచ్చుకోదగినది. రక్తంలో తిరిగే ఎర్రకణంలో డీఎన్‌ఏ లేదన్నది సత్యమే. అయితే ఆ కణం ఎముక మజ్జలో పుట్టి, ఎదిగి, చివరి దశలో కేంద్రకాన్ని బయటకు నెట్టివేస్తుంది. ఏ గ్లోబిన్‌ను ఎంత తయారు చేయాలన్న నిర్ణయాలన్నీ ఆ లోపలే, అంటే కేంద్రకం ఉండగానే జరిగిపోతాయి. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు, ఎస్ఎస్ ఉన్నవారి కణం సుమారు 10 నుంచి 20 రోజులు బ్రతుకుతుంది. ఆ కొద్ది రోజులూ అది మజ్జలో తెచ్చుకున్న సరుకుతోనే గడపాలి.

ఇక మడతల సంగతి. మన ఒక్కొక్క కణంలోని డీఎన్‌ఏను సాగదీస్తే సుమారు 2 మీటర్లు ఉంటుంది. అది ఇమడవలసిన కేంద్రకం అడ్డకొలత మిల్లీమీటరులో నూరో వంతుకు మించదు. హిస్టోన్లనే ప్రోటీన్లు ఎనిమిది కలిసి ఒక చిన్న ముద్దగా ఏర్పడితే, నూలు కండెకు చుట్టినట్టు దాని చుట్టూ 147 క్షార జంటల (డీఎన్‌ఏ అక్షరాల జంటల) పొడవున డీఎన్‌ఏ దాదాపు ఒకటిన్నర చుట్లకు పైగా తిరుగుతుంది. దీనినే న్యూక్లియోసోము అంటారు. రోజర్ కోర్న్‌బెర్గ్ 1974లో ఈ నమూనాను ప్రతిపాదించగా, 1997లో స్ఫటిక చిత్రం ద్వారా దాని రూపం పరమాణువుల స్థాయిలో తెలిసింది. డీఎన్‌ఏకు రుణావేశం, హిస్టోన్లకు ధనావేశం ఉండటం వల్ల రెండూ గట్టిగా అంటిపెట్టుకుంటాయి. హిస్టోన్ల తోకలకు అసిటైల్ అనే చిన్న రసాయన సమూహాలు చేరినప్పుడు వాటి ధనావేశం తగ్గి పట్టు సడలుతుంది, జన్యువును చదివే యంత్రాంగానికి దారి దొరుకుతుంది. చుట్టలు బిగిసి ఉన్నచోట అక్షరాలన్నీ సక్రమంగానే ఉన్నా వాటిని చదివే వీలుండదు. కాలేయ కణంలో ఆల్బుమిన్ జన్యువు తెరుచుకొని ఉండటానికి, అదే జన్యువు చర్మ కణంలో మూసుకొని ఉండటానికి ప్రధాన కారణాలలో ఇదొకటి.

గ్లోబిన్ల విషయంలో ఇంకొక అంచె ఉంది, నాకు అన్నిటికంటే ఆసక్తికరమైనది అదే. 11వ క్రోమోజోముపై ఎప్సిలాన్, రెండు గామాలు, డెల్టా, బీటా అనే గ్లోబిన్ జన్యువులు ఒకే వరుసలో ఉన్నాయి. వీటన్నిటినీ ఉధృతంగా పని చేయించే నియంత్రణ ప్రాంతం ఒకటి ఆ వరుసకు ముందు ఉంది; బీటా జన్యువుకు అది దాదాపు 50 వేల క్షార జంటల దూరం. అంత దూరం నుంచి అది ఎలా పని చేస్తుందంటే, నడుమ ఉన్న డీఎన్‌ఏ ఉచ్చులా వంగి, ఆ ప్రాంతాన్ని తెచ్చి జన్యువు పక్కన నిలబెడుతుంది. ఎలుక కణాలలో ఈ ఉచ్చును 2002లో ప్రయోగపూర్వకంగా చూపించారు. గర్భంలో శిశువు ఉండగా ఉచ్చు గామా జన్యువుల వద్దకు, పుట్టిన తరువాత క్రమంగా బీటా వద్దకు మారుతుంది. అందువల్లనే ఎస్ఎస్ శిశువులకు పుట్టగానే జబ్బు లక్షణాలు కనిపించవు. పిండ హీమోగ్లోబిన్ (గామా గ్లోబిన్‌తో తయారయ్యేది) తగ్గిపోయే మొదటి ఏడాదిలో, సాధారణంగా 5, 6 నెలలు దాటాకనే మొదలవుతాయి.

గామా గ్లోబిన్ ఉన్న హీమోగ్లోబిన్ ఆ పోగులలో చేరదు సరికదా, అవి పేరుకోకుండా అడ్డుపడుతుంది. కాబట్టి పెద్దయ్యాక కూడా ఎవరిలో పిండ హీమోగ్లోబిన్ కొంత మిగిలి ఉంటుందో వారిలో జబ్బు తీవ్రత తగ్గుతుంది. ఉచ్చును బలవంతంగా గామా వైపు మళ్లిస్తే మూతపడిన ఆ జన్యువు మళ్లీ పని చేస్తుందని 2014లో ప్రయోగశాలలోని కణాలలో నిరూపించారు. మన ఒడిశాలోనూ మధ్య భారతంలోనూ ఎక్కువగా కనిపించే అరబ్-ఇండియన్ రకం సికిల్ జన్యువుతో పాటు, గామా జన్యువు ముందు ఒక ప్రత్యేకమైన అక్షర భేదం కూడా సంక్రమిస్తుంది. ఆ రకం ఉన్నవారిలో పిండ హీమోగ్లోబిన్ సహజంగానే ఎక్కువ.

2023 చివర బ్రిటన్, అమెరికాలలో అనుమతి పొందిన క్యాస్‌జెవీ అనే జన్యు చికిత్స కూడా చెడిన అక్షరాన్ని దిద్దదు. గామా జన్యువులను మూసి ఉంచే బీసీఎల్11ఏ అనే ప్రోటీను ఎర్రకణాల వంశంలో తయారు కావడానికి తోడ్పడే ఒక చిన్న ఎన్‌హాన్సర్‌ను (జన్యువు పనిని పెంచే డీఎన్‌ఏ ముక్కను) మాత్రమే కత్తిరిస్తుంది. జీటీజీ జీటీజీగానే ఉంటుంది, జబ్బు మాత్రం అదుపులోకి వస్తుంది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు కాబట్టి సిరొంచకు అది ఎప్పుడు చేరుతుందని మీ పిల్లలు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

సమాధానం: నాగావళి (రాయగడ)

మహేంద్రగిరి గారి వివరణ బాగుంది. అయితే ఒక సవరణ అవసరం, లేకపోతే ఆ అన్నదమ్ముల విషయంలో పిల్లలు తప్పు కారణాన్ని పట్టుకుంటారు. నేను ప్రయోగశాలలో రక్త పరీక్షలు చేస్తాను. అరబ్-ఇండియన్ రకానికి చెందిన ఆ అక్షర భేదం సికిల్ జన్యువుకు ఆనుకొనే ఉంటుంది. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ఒక్కొక్కరి వద్ద సికిల్ ఉన్న క్రోమోజోము ఒక్కటే ఉంటుంది; ఎస్ఎస్‌గా పుట్టిన పిల్లలిద్దరికీ సంక్రమించినవి ఆ రెండే. అంటే ఆ చోట అన్నకూ తమ్ముడికీ ఉన్నది ఒకటే సంపద, ఎక్కువ తక్కువలు లేవు. ఊరికీ ఊరికీ, రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య తేడాను అది వివరించగలదేమో గానీ, ఒకే ఇంటిలోని తేడాను వివరించలేదు.

కారణం వేరే క్రోమోజోములపై వెతకాలి. 2వ క్రోమోజోముపై ఉన్న బీసీఎల్11ఏలోనూ, 6వ క్రోమోజోముపై ఎంవైబీ జన్యువుకు సమీపంలోనూ పిండ హీమోగ్లోబిన్‌ను పెంచే, తగ్గించే సహజ భేదాలున్నాయి. ఇవి అన్నకొకటి, తమ్ముడికొకటి రావచ్చు. వీటిలో ముఖ్యమైనవి ప్రోటీనును మార్చేవి కావు, జన్యువును తెరిచి మూసే ఎన్‌హాన్సర్లలో ఉన్నవి కాబట్టి మీరు మడతల గురించి పిల్లలకు చెప్పినది వృథా పోలేదు. 16వ క్రోమోజోముపై ఆల్ఫా గ్లోబిన్ జన్యువులలో ఒకటి లోపించే ఆల్ఫా తలసేమియా మన గిరిజన ప్రాంతాలలో అరుదేమీ కాదు. అది కూడా ఉన్నవారి కణాలలో హీమోగ్లోబిన్ గాఢత తగ్గి, కణాలు పగిలిపోవడం తగ్గుతుంది. నొప్పులు తగ్గుతాయన్న భరోసా మాత్రం లేదు. వీటికి తోడు నీరు సరిగా తాగకపోవడం, జ్వరాలు, చలి, ఒళ్లు అలిసే పని వంటివి ఉండనే ఉన్నాయి. పెద్దవాడు పొలం పనికి వెళుతూ చిన్నవాడు బడిలో నీడపట్టున ఉంటే, జన్యువుల దాకా పోకముందే ఆ తేడాను లెక్కలోకి తీసుకోవాలి.

అన్నదమ్ముల తేడాకు కారణం తెలుసుకోవాలంటే సాల్యుబిలిటీ పరీక్ష చాలదు. అది సికిల్ హీమోగ్లోబిన్ ఉందని మాత్రమే చెబుతుంది, ఏఎస్‌నూ ఎస్ఎస్‌నూ వేరు చేయదు. హీమోగ్లోబిన్ రకాలను వేరు చేసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయిస్తే పిండ హీమోగ్లోబిన్ శాతం కూడా తెలుస్తుంది. ఇద్దరిలో ఎవరైనా ఈ జబ్బుకిచ్చే హైడ్రాక్సీయూరియా వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ మందే పిండ హీమోగ్లోబిన్‌ను పెంచుతుంది, కణాల పరిమాణాన్నీ పెంచుతుంది. అది తెలియకుండా ఫలితాలను పోల్చడం దండగ.

సమాధానం: వార్ధా తీరం (బల్లార్షా)

నేను మందుల దుకాణం నడుపుతాను, ఫార్మసీ చదివాను. చుట్టటం, మడవటం గురించి చెప్పారు గానీ మెలి గురించి ఎవరూ చెప్పలేదు. డీఎన్‌ఏ రెండు పేటలు సుమారు 10.5 క్షార జంటలకొకసారి ఒకదానినొకటి పూర్తిగా చుట్టుకుంటాయి. జన్యువును చదివే ఎంజైము పేటలను విడదీస్తూ ముందుకు సాగితే, దానికి ముందున్న భాగంలో మెలి బిగుస్తుంది, వెనుక సడలుతుంది. బిగువు మితిమీరితే చదవటం ఆగిపోతుంది. పేటలను తెంపి, మెలి విప్పి, మళ్లీ అతికించే టోపోఐసోమరేజ్‌లనే ఎంజైములు ఈ ఇబ్బందిని తీరుస్తాయి. ఈ. కోలై బాక్టీరియాలో సుమారు 46 లక్షల క్షార జంటల డీఎన్‌ఏ 2 మైక్రోమీటర్ల కణంలో ఇమడాలంటే ఇవి లేనిదే సాధ్యం కాదు. చీటీ లేకుండా వచ్చి అడిగేవారికి నేను రోజూ కాదని చెప్పే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ సరిగ్గా ఇక్కడే దెబ్బ తీస్తుంది. తెంపిన పేటలను బాక్టీరియా ఎంజైము తిరిగి అతికించలేకుండా మధ్యలోనే పట్టి ఉంచుతుంది. క్యాన్సర్‌కు వాడే ఎటోపోసైడ్ మన కణాలలోని టోపోఐసోమరేజ్ 2పై ఇదే పని చేస్తుంది.

ప్రాణహిత గట్టు (సిరొంచ)

నాగావళి గారు చెప్పిన రెండు క్రోమోజోముల లెక్కను నల్లబల్లపై గీస్తే పదవ తరగతి వారికి కూడా అర్థమవుతుంది, ధన్యవాదాలు. వార్ధా తీరం గారు క్యాన్సర్ మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. క్యాన్సర్ అంటే జన్యువులోని అక్షరాలు చెడటమేనని మా పుస్తకంలో ఉంది. అక్షరాలు బాగానే ఉండి మడత మాత్రమే చెడి జబ్బు వచ్చిన సందర్భాలున్నాయా? ఇంకొకటి, ప్రయోగశాల లేని బడిలో పిల్లలకు కంటితో చూపించగల ఉదాహరణ ఏదైనా ఉందా?

సమాధానం: మహేంద్రగిరి (పర్లాకిమిడి)

ఉన్నాయి. కొహీసిన్ అనే ఉంగరం లాంటి ప్రోటీను డీఎన్‌ఏను ఉచ్చులుగా లాగుతుంటే, సీటీసీఎఫ్ అనే మరొక ప్రోటీను కూర్చున్నచోట ఆ లాగటం ఆగుతుంది. అవే పొరుగు జన్యువుల మధ్య సరిహద్దులు. గ్లయోమా అనే మెదడు కణితులలో ఒక రకంలో ఐడీహెచ్ జన్యువు చెడటం వల్ల డీఎన్‌ఏపై మిథైల్ గుర్తులు అతిగా చేరి సీటీసీఎఫ్ కూర్చోలేకపోతుంది. సరిహద్దు చెరిగి, పొరుగువారి ఎన్‌హాన్సర్ పీడీజీఎఫ్ఆర్ఏ అనే పెరుగుదల జన్యువును రెచ్చగొడుతుంది. ఆ రెండవ జన్యువులో ఒక్క అక్షరం కూడా మారలేదు. దీనిని 2016లో వెల్లడించారు. అంతకు ముందు ఏడాది, ఈపీహెచ్ఏ4 జన్యువు చుట్టూ ఉన్న సరిహద్దులు చెదరటం వల్ల కొన్ని కుటుంబాలలో పిల్లలు పొట్టి వేళ్లతో, అతుక్కున్న వేళ్లతో పుడుతున్నారని తేలింది. అయితే మీ పుస్తకం తప్పని చెప్పకండి. గ్లయోమాలో సరిహద్దు చెరగటానికి మూలం మళ్లీ ఐడీహెచ్‌లోని అక్షరమే కదా.

దీనికి తిరగేసిన ఉదాహరణ ప్రొజీరియా. పసితనంలోనే ముసలితనం ముంచుకొచ్చే ఈ అరుదైన జబ్బుకు కారణం 2003లో తెలిసింది. లామిన్ ఏ జన్యువులో జీజీసీ స్థానంలో జీజీటీ వస్తుంది. రెండూ గ్లైసిన్‌కే సంకేతాలు కాబట్టి చూడటానికి నిరపాయమైన మార్పే. కానీ దానివల్ల ఆర్‌ఎన్‌ఏ తప్పుచోట తెగి, 50 అమైనో ఆమ్లాలు తక్కువైన ప్రోటీను తయారవుతుంది. అది కేంద్రకపు లోపలి గోడలో ఇరుక్కొని గోడను ముడతలు పడేస్తుంది, ఆ గోడను ఆనుకొని మూసుకొని ఉండవలసిన డీఎన్‌ఏ సడలిపోతుంది.

కంటితో చూపించాలంటే నలుపు, నారింజ మచ్చలు కలిసిన పిల్లిని చూపించండి. ఆడపిల్లి ప్రతి కణంలోనూ రెండు ఎక్స్ క్రోమోజోములలో ఒకటి పూర్తిగా ముడుచుకుపోతుంది. ఏది ముడుచుకోవాలో పిండ దశలోనే ఒక్కొక్క కణంలో విడివిడిగా తేలిపోయి, దాని సంతతి అంతా ఆ తీరునే పాటిస్తుంది. నారింజ రంగు జన్యువు ఉన్న ఎక్స్ తెరుచుకున్నచోట నారింజ మచ్చ, మూసుకున్నచోట నల్లమచ్చ. ముడుచుకున్న ఆ క్రోమోజోమును ముర్రే బార్, ఆయన విద్యార్థి 1949లో పిల్లి నాడీకణాలలోనే గమనించారు. దాని అర్థాన్ని 1961లో మేరీ లయన్ వివరించారు.

సమాధానం: నాగావళి (రాయగడ)

పిల్లి ఉదాహరణను మనుషులకు కూడా వర్తింపజేయవచ్చు. అది మలేరియా ప్రాంతమైన మన రెండు జిల్లాలకూ పనికొచ్చేది. వైవాక్స్ మలేరియాకు 14 రోజులు ఇచ్చే ప్రైమాక్విన్, జీ6పీడీ ఎంజైము లోపించినవారి ఎర్రకణాలను పగలగొడుతుంది. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోముపైనే ఉంది. మగవారిలో లోపం ఉంటే అన్ని కణాలలోనూ ఉంటుంది. ఒక ఎక్స్‌లో మాత్రమే లోపమున్న స్త్రీలో కొన్ని కణాలు మామూలువి, కొన్ని లోపమున్నవి కలిసి ఉంటాయి. ఆ నిష్పత్తి అక్కకొకటి, చెల్లెలికొకటి ఉండవచ్చు. ఉందా లేదా అని మాత్రమే చెప్పే మామూలు పరీక్షలో ఇటువంటి స్త్రీలు కొందరు లోపం లేనివారిగానే కనిపిస్తారు. అందుకని పరీక్ష బాగానే ఉందని వచ్చినా, ఆ మాత్రలు మొదలుపెట్టాక మూత్రం ముదురు రంగుకు తిరిగితే మందు ఆపి వెంటనే డాక్టరుకు చూపించమని మేము ప్రతి ఒక్కరికీ చెబుతాము.