ఏరేటర్ మోటారు దొంగతనం, 20 ఏళ్ల కుర్రాడు: ప్రొబేషన్ ఎక్కడ తప్పిపోతోంది?

లంకగట్టు:
కోనసీమలో రొయ్యల చెరువుల మీద ఏరేటర్ (నీటికి గాలి పట్టించే యంత్రం) మోటార్లు ఎత్తుకుపోయిన కేసులండి. మొదటిసారి దొరికిన కుర్రాళ్ళకి ప్రొబేషన్, అంటే జైలుకి బదులు షరతులతో బయట ఉండనివ్వమని, అడుగుతున్నాం. కొందరికి వస్తోంది, కొందరికి జైలు పడుతోంది. వచ్చినవాళ్ళు కూడా నాలుగు నెలలకి ప్రొబేషన్ అధికారి దగ్గర హాజరు మానేస్తున్నారు. ఏం మార్చాలి?

వాయిదా:
ముందు వయసు చూడండి. 1958 ప్రొబేషన్ చట్టం 6వ సెక్షన్ 21 నిండనివాళ్ళకి, వాళ్ళని మామూలుగా జైలుకి పంపకూడదంటుంది. నేరం జరిగిన రోజు వయసు కాదు, దోషి అని తేల్చిన రోజు వయసు లెక్క. రాంజీ మిస్సర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందదే. 20 ఏళ్ల 8 నెలల కుర్రాడి కేసు నాలుగు నెలలు సాగిందా, ఆ రక్షణ పోయింది. మిగిలేది 4వ సెక్షన్, అది కోర్టు విచక్షణ. అందుకని పదో తరగతి సర్టిఫికెట్ మొదట్లోనే దాఖలు చేసి, త్వరగా విచారించమని మెమో వేయండి. 6 కింద జైలు వేయాలంటే కోర్టు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలి, కారణాలూ రాయాలి. అది జరగకపోతే అప్పీల్లో గట్టి పాయింటు. గంజాయి కేసైతే ఈ దారి దాదాపు మూసినట్టే.

పాత ఫైలు:
నివేదికలు వీగిపోయేది "నడవడి మంచిది, కుటుంబం పేదది" అన్న ముక్కల దగ్గరే. రాత్రి ఎక్కడ పడుకుంటాడు, ఎవరి దగ్గర పని, కూలి ఎంత, పూచీ ఎవరు? ఇవి రాయాలి. కుర్రాడికో జామీనుదారుకో స్థిర నివాసం, లేదంటే నిలకడైన పని ఉండాలని చట్టమే అంటోంది. చెరువులో రొయ్యల పట్టుబడి అవగానే కుర్రాడు ఇంకో మండలం చెరువుకి పోతాడు, కాబట్టి చిరునామాలో చెరువు షెడ్డు కాదు, తల్లి ఇల్లు రాయండి. మళ్ళీ కాపలా పనికే పెట్టకండి, మోటార్ల మధ్య రాత్రంతా ఒంటరిగా ఉండాలి. రివైండింగ్ షాపు నయం. మోటారు విప్పడం ఎలాగూ వచ్చు!

హాజరు సంగతి. పనిరోజు ఉదయం 11కి ఆఫీసుకి రమ్మంటే ఆ రోజు కూలి డబ్బులు పోతాయి, బస్సు ఛార్జీ పైన. వరద రోజుల్లో లంకల నుంచి పడవ దాటాలి. మొదటి రెండు నెలలు వారానికోసారి, తర్వాత నెలకోసారి, అదీ అధికారి ఊరికొచ్చే సాయంత్రం అని షరతు రాయించండి. కుదరకపోతే బాండు (షరతులు పాటిస్తానని కోర్టుకి రాసిచ్చిన హామీ) తప్పేదాకా ఆగొద్దు, 8వ సెక్షన్ కింద షరతు మార్చమని అధికారే కోర్టుని అడగొచ్చు. మొదటి ఉల్లంఘనకి 50 రూపాయల్లోపు జరిమానాతో వదిలే వీలూ ఉంది.

లంకగట్టు:
గల్ఫ్ వెళ్తానంటే?

వాయిదా:
బాండు నడుస్తుండగా కోర్టు అనుమతి లేకుండా కదలొద్దు. 12వ సెక్షన్‌తో దోషిగా తేలడం వల్ల వచ్చే అనర్హత పోతుంది గానీ తీర్పు చెరిగిపోదు. ఫారంలో అడిగితే దాచకూడదండి.