ఒక్క తప్పూ లేని వ్యాసానికి సీ ప్లస్ ఇవ్వొచ్చా?

సెక్షన్ టీచర్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో హిస్టరీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ఈ సెమిస్టర్ 1688 నుంచి ఇప్పటిదాకా బ్రిటన్ చరిత్ర చెప్పే కోర్సుకి టీఏని, అంటే టీచింగ్ అసిస్టెంట్‌ని. లెక్చర్లు ప్రొఫెసర్ గారివి. శుక్రవారం డిస్కషన్ క్లాసు నాది, పేపర్లు దిద్దేదీ నేనే. మార్కులు ఇలా ఉంటాయి: రెండు చిన్న పేపర్లకి చెరి 15 శాతం, పెద్ద వ్యాసానికి 25, మిడ్‌టర్మ్‌కి 15, ఫైనల్‌కి 20, క్లాసులో పాల్గొన్నందుకు 10. పేపర్ ఒక రోజు ఆలస్యమైతే గ్రేడు ఒక మెట్టు దిగుతుంది, అంటే ఏ మైనస్ రావాల్సింది బీ ప్లస్ అవుతుంది.

మొదటి పేపర్ పీటర్లూ మీద. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. 1819 ఆగస్టు 16న మాంచెస్టర్‌లో సెయింట్ పీటర్స్ ఫీల్డ్ అనే చోట సుమారు 60 వేలమంది ఓటు హక్కు కావాలని సభ పెట్టుకున్నారు. ఉపన్యసించడానికి వచ్చిన హెన్రీ హంట్‌ని పట్టుకోమని మేజిస్ట్రేట్లు గుర్రపు దళాన్ని జనంలోకి పంపారు. సుమారు 18 మంది చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. నాలుగేళ్ల కిందటి వాటర్లూ యుద్ధాన్ని గుర్తుచేసి ఎత్తిపొడుస్తూ అక్కడి పత్రిక ఒకటి దీనికి పీటర్లూ అని పేరు పెట్టింది.

పిల్లలకి రెండు కాగితాలు ఇచ్చాను. ఒకటి, ఆ రాత్రే మేజిస్ట్రేట్ల తరఫున లండన్‌లోని హోం సెక్రటరీ (అక్కడ హోం మంత్రిని అలా అంటారు) సిడ్‌మత్‌కి వెళ్లిన ఉత్తరం. రెండోది, మిడిల్టన్ అనే ఊరి నుంచి జనాన్ని వెంటబెట్టుకుని ఆ సభకి నడిచి వచ్చిన శామ్యూల్ బామ్‌ఫర్డ్ అనే నేతపనివాడు ఇరవై ఏళ్లు గడిచాక రాసుకున్న జ్ఞాపకం. ప్రశ్న ఒకటే. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఆ రోజు గురించి ఏం చెప్పగలం, ఏం చెప్పలేం? నాలుగు పేజీలు రాయాలి.

మన తెలుగబ్బాయి ఒకడు నాలుగు పేజీలూ నిండుగా రాశాడు. (వాడి అనుమతి తీసుకునే రాస్తున్నాను.) 1815 ధాన్యం చట్టాలు, వాటర్లూ, హంట్ జీవితం, ఆ ఏడాది చివర్లో వచ్చిన ఆరు అణచివేత చట్టాలు, 1832 సంస్కరణ చట్టం. ఒక్క తేదీ తప్పు లేదు. కానీ నేనిచ్చిన కాగితాల్లోంచి తీసుకున్నది చెరో వాక్యం. ఆ రెండు వాక్యాల కింద "దీన్నిబట్టి సభ విషాదంగా ముగిసిందని తెలుస్తోంది" అని రాసి ముందుకెళ్లిపోయాడు. ఉత్తరం పంపినవాళ్లే గుర్రాలనీ పంపారు, పైవాళ్లకి సంజాయిషీ చెప్పుకోవాల్సింది కూడా వాళ్లే. ఆ మాట ఎక్కడా లేదు. ఆ సభ కేసులోనే ఏడాది జైల్లో ఉండి వచ్చిన మనిషి బామ్‌ఫర్డ్, ఆ సంగతీ లేదు. సీ ప్లస్ ఇచ్చాను.

ఆఫీస్ అవర్స్‌లో, అంటే పిల్లలు వచ్చి మాట్లాడటానికి నేను గదిలో ఉండే టైములో, వచ్చి పేపర్ టేబుల్ మీద పెట్టి, "అక్కా, తప్పెక్కడుందో చూపించండి" అన్నాడు. నాలుగు పేజీలూ తిప్పాను. చూపించడానికి తప్పు లేదు. అడిగిన పని లేదంతే. ఇంటర్‌దాకా మన దగ్గర చదివిన పిల్లాడు, ఎలా రాస్తే మార్కులొస్తాయని పన్నెండేళ్లు నేర్పారో అలాగే రాశాడు. నేను ఇచ్చింది న్యాయమైన గ్రేడేనా? మొహమాటపడకుండా చెప్పండి.

గోదారి మాస్టారు

అమ్మా, గోదావరి జిల్లాల డిగ్రీ కాలేజీల్లో 31 ఏళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. నీ పద్ధతి మీద నాకు గౌరవముంది, కానీ సీ ప్లస్ అన్యాయం. బీ మైనస్‌కి తగ్గకూడదు.

ఎందుకో చెప్తాను. ముందేది వెనకేది తెలియనివాడికి ఆధారం చేతికిచ్చినా ఉపయోగం లేదు. ఒకసారి మా కాలేజీ అమ్మాయి ఒకతె చక్కటి భాషలో రాసింది: చార్టిస్టులు ఉద్యమించారు కాబట్టి 1832లో ఓటు చట్టం వచ్చిందని. చదువుతుంటే నిజమేననిపిస్తుంది. కానీ చార్టిస్టులకి ఆ పేరు తెచ్చిన చార్టర్, అంటే మగవాళ్లందరికీ ఓటు కావాలన్న కోరికల పత్రం, వచ్చింది 1838లో. 1832 చట్టం పట్టణాల్లో ఏడాదికి పది పౌన్ల అద్దె విలువ చేసే ఇంట్లో ఉండే మగవాళ్లకి ఓటిచ్చి కూలివాణ్ణి బయటే నిలబెట్టింది, ఆ మోసపోయిన బాధలోంచే చార్టిజం పుట్టింది. ఆరేళ్ల తేడా తెలియక ఆ పిల్ల కారణాన్ని ఫలితం చేసింది, ఫలితాన్ని కారణం చేసింది. వాదం ఎంత బాగున్నా ఏం లాభం?

నీ విద్యార్థి ఆ వరస మొత్తం సరిగ్గా పట్టుకున్నాడు. అది ఊరికే వచ్చేది కాదు. దాన్ని బట్టీ అని తీసిపారేయొద్దు.

డాలస్ నాన్న

నేను ఐటీ మనిషిని, చరిత్ర తెలియదు. తండ్రిగా అడుగుతున్నాను. మా పాప మెడిసిన్‌కి వెళ్లాలనుకుంటోంది. ఇలాంటి కోర్సు తప్పనిసరి కోటాలో తీసుకుంది. సీ ప్లస్ అంటే నాలుగుకి 2.3. స్కాలర్‌షిప్‌కి 3.5 ఉండాలి. రాత్రి రెండింటికి లేచి మంచినీళ్లకి వెళ్తే పాప వంటగదిలో కూర్చుని ఏడుస్తూ ఫుట్‌నోట్లు సరిచేసుకుంటోంది. చరిత్రకారులు కాబోని పిల్లల దగ్గర అంత లోతు ఆశించడం సబబేనా? వాళ్ల టీచర్‌కి ఫోన్ చేస్తే మీతో మాట్లాడలేనన్నారు. ఫీజు కట్టేది నేనైనప్పుడు నాకెందుకు చెప్పరు?

సెక్షన్ టీచర్

డాలస్ అన్నగారూ, మాట్లాడకపోవడం ఆ టీచర్ పొగరు కాదు. 1974 నుంచి ఇక్కడ ఫెర్పా అనే చట్టం ఉంది. కాలేజీలో చేరాక చదువు రికార్డుల మీద హక్కు విద్యార్థిది. మామూలుగా పాప రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప గ్రేడు సంగతి మీకు చెప్పే స్వేచ్ఛ నాలాంటివాళ్లకి ఉండదు. పాపనే ఆఫీస్ అవర్స్‌కి పంపండి. సగంలో ఉన్న పేపర్ పట్టుకొచ్చినా చాలు, చూడటం మా పనే. గడువుకి వారం ముందు నా గదికి వచ్చేవాళ్లు ముప్ఫైమందిలో నలుగురైదుగురు. మన పిల్లలు దాదాపు రారు. టీచర్ గది తలుపు తట్టడమంటే తప్పు చేసి పిలిపించుకోవడమనే మనకి అలవాటు.

డాక్టర్ కాబోయే పాపకి ఇది ఎందుకంటారా? రోగి ఒకటి చెప్తాడు, రిపోర్ట్ ఒకటి చెప్తుంది, వెంట వచ్చినవాళ్లు ఇంకోటి చెప్తారు. ఎవరు ఎందుకు అలా చెప్తున్నారో పోల్చుకోవడమే కదా ఆ పని.

ఓరుగల్లు పోరడు

అక్కా, నాకు ఆ సీ ప్లస్ కంటే 10 శాతం పార్టిసిపేషన్ ఎక్కువ అన్యాయం అనిపిస్తది. నేను హన్మకొండల డిగ్రీ చదివిన. క్లాసుల నోరు తెరిస్తే కూసో అనేటోళ్లు. ఇక్కడికొచ్చినంక మొదటి సెమిస్టర్ మొత్తం ఒక్క మాట మాట్లాడలే. మనసుల తెలుగుల అనుకొని, దాన్ని ఇంగ్లీషుల పేర్చుకునేలోపు ముచ్చట ఇంకో దిక్కు పోయేది. చదవక కాదు, అందరికంటే ఎక్కువనే చదివిన. ఆఖరికి ఆ పదిల నాలుగు వేసిన్రు.

లీడ్స్‌లో ఉన్నదాన్ని

నాది ఇంగ్లండ్ అనుభవం. ఇక్కడ మాస్టర్స్ చేస్తున్నాను. మొదటి వ్యాసానికి 62 వచ్చింది. ఇంటర్‌లో 970 తెచ్చుకున్నదాన్ని, అమ్మకి చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత తెలిసింది, ఇక్కడ 70 దాటితే డిస్టింక్షన్, 80 ఎవరికో గానీ రాదు. కొలబద్ద వేరని మొదటి రోజే ఎవరైనా చెప్పుంటే రెండు వారాలు నిద్ర పట్టేది.

కానీ ఒకటి నచ్చింది. పేపర్ మీద పేరుండదు, నంబరే. ఒకరు దిద్దినవాటిలో కొన్ని ఇంకొకరు చూస్తారు, ఆపైన బయటి యూనివర్సిటీ ఎగ్జామినర్ చూస్తారు. అక్కా, మీ కేసులో దిద్దింది మీరొక్కరే. అబ్బాయికి అక్కడే అనుమానం రావచ్చు.

కడప బిడ్డ

మాస్టారి మాట గౌరవిస్తూనే టీచరమ్మ పక్షాన నిలబడతాను. నాకు ఈ తేడా తెలిసింది ఒకే ఒక్క అసైన్‌మెంట్ వల్ల.

1876-78 కరువు మీద రాయమన్నారు. మా జేజి దాన్ని ధాత కరువు అనేది, వాళ్ల అవ్వ చెప్పిన మాటగా. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ఆ పేరు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. నేను లైబ్రరీలో కూర్చుని తేదీలన్నీ ఎక్కించాను: 1877 జనవరి 1న వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపాడు, అదే నెలలో కరువు ఖర్చు చూడమని రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసు ప్రెసిడెన్సీకి పంపాడు, టెంపుల్ పెట్టిన లెక్క ప్రకారం కరువు పనికొచ్చిన కూలికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన చిల్లర డబ్బు. ఇదంతా రాసిచ్చాను. సార్ మార్జిన్‌లో ఒక్క ముక్క రాశారు: "చాలుతుందని ఎవరన్నారు? చాలదని ఎవరన్నారు?"

మళ్లీ వెళ్లి వెతికితే దొరికింది. మద్రాసు శానిటరీ కమిషనర్ (ప్రజారోగ్యం చూసే అధికారి) డాక్టర్ కార్నిష్, ఆ తిండితో మట్టిపని చేసే మనిషి బతకలేడని టెంపుల్‌తో కాగితాల మీద పోరాడాడు. ఇద్దరూ ఒకే సర్కారు జీతగాళ్లు. ఒకాయన చూపు ఖజానా మీద, ఇంకొకాయన చూపు ఒంటి బరువు మీద. తూకంలో పౌను అంటే సుమారు 450 గ్రాములు. ఇంటికొచ్చి జొన్నలు తూకం వేసి చాటలో పోసి చూసుకున్నాను. చాట అడుగు కూడా కప్పలేదు. ఆ రోజు నాకు తెలిసింది నా మొదటి పేపర్‌లో ఏం లేదో. అందులోనూ తప్పు ఒక్కటి లేదు మాస్టారూ.

గోదారి మాస్టారు

అమ్మా కడప బిడ్డా, నీ చాట ముందు నేను మాట్లాడలేను. అయితే నీకు ఆ సార్ దొరికాడు, మార్జిన్‌లో ఆ ముక్క రాశాడు, మళ్లీ రాయనిచ్చాడు. నేను మా పిల్లలకి ఆ ముక్క రాయలేదు. పరీక్ష పేపర్లు దిద్దే ఒక్కో విడతలో (స్పెల్ అనేవాళ్లం) వందల కొద్దీ జవాబు పత్రాలు దిద్దాం, పేజీకి ఎంత టైమని లెక్క. అడిషనల్ షీట్లు ఎన్ని కట్టాడో చూసి మార్కులేసిన రోజులున్నాయి, ఒప్పుకుంటున్నాను. తప్పు పిల్లలది కాదు. అందుకే మొదటి పేపర్‌కే ఆ శిక్ష వద్దంటున్నాను.

రాత్రి బడి

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక ఇంట్లో రాసే వ్యాసానికి సగానికి పైగా మార్కులు పెట్టడం ఎంతవరకు నిలుస్తుంది? మా తమ్ముడు సొంతంగా రాసుకున్నదాన్ని ఏఐ డిటెక్టర్ ఒకటి మెషీన్ రాసిందని తేల్చింది. వాడి ఇంగ్లీషు పుస్తకాల ఇంగ్లీషు, చిన్నప్పటి నుంచి వ్యాకరణం చూసుకుని కట్టుకున్న వాక్యాలు. నిరూపించుకోవడానికి నెల పట్టింది. హాల్లో కూర్చోబెట్టి చేత్తో రాయిస్తే ఈ బాధ ఉండదు కదా?

సెక్షన్ టీచర్

మూడు రోజులుగా అన్నీ చదువుతున్నాను. ప్రొఫెసర్ గారితో కూర్చుని మాట్లాడాను కూడా. ఏం చేస్తున్నామో చెప్తాను.

గ్రేడు మార్చలేదు. లీడ్స్ చెల్లి చెప్పినట్టు ఆ పేపర్, ఇంకో నాలుగూ పేర్లు తీసేసి ఇంకో టీఏకి ఇచ్చాను. ఆమె కూడా దానికి సీ ప్లస్సే వేసింది. కానీ మాస్టారూ, శిక్ష అన్న మాట నన్ను పట్టుకుంది. ఏం కావాలో మాటల్లో చెప్పాను గానీ, అది కాగితం మీద ఎలా ఉంటుందో పేపర్‌కి ముందు ఎవరికీ చూపించలేదు. అది నా లోటు. అందుకే మొదటి పేపర్ ఎవరైనా తిరగరాయొచ్చు, కొత్త గ్రేడే లెక్క. రెండో పేపర్‌కి ముందు ఒక క్లాసు మొత్తం పాత సెమిస్టర్ పేరా ఒకటి బోర్డు మీద పెట్టి దిద్దుతాం. వరస కోసం మిడ్‌టర్మ్‌లో పది సంఘటనలిచ్చి క్రమంలో పెట్టమంటున్నాం, ఏది దేనికి కారణం కాగలదో ఒక్కో వాక్యం రాయాలి. మీ చార్టిస్టుల ఉదాహరణ అందులో ఉంది.

ఓరుగల్లు తమ్ముడూ, ఇక నుంచి గురువారం రాత్రిలోగా ఒక ప్రశ్న రాసి పంపితే అదీ పాల్గొన్నట్టే. ఈ వారం చర్చ అలా వచ్చిన ప్రశ్నతోనే మొదలుపెట్టాను. అడిగిన అమ్మాయి సెమిస్టర్‌లో ఇప్పటిదాకా నోరు విప్పలేదు.

రాత్రి బడి గారూ, డిటెక్టర్‌ని నేను నమ్మను, వాడను. అలాగని అంతా హాల్లో పెట్టలేను. 50 నిమిషాల్లో బామ్‌ఫర్డ్‌ని రెండోసారి చదవడం కుదరదు, అసలు సంగతి రెండోసారి చదివినప్పుడే కనిపిస్తుంది. పేపర్‌తో పాటు గీతలు గీసుకున్న ప్రింటు కాగితాలు కూడా ఇమ్మంటున్నాను. ఎవరు చదివారో ఆ మార్జిన్లే చెప్తాయి. ఇంగ్లీషులో ఎ, ది లాంటి ఆర్టికల్స్ తప్పు రాసినందుకు మార్కు కోయను, ఆ సంగతి సిలబస్‌లో రాతపూర్వకంగా పెట్టించాను.

నిన్న అబ్బాయి తిరగరాసినది తెచ్చాడు. రెండున్నర పేజీలే. వాటర్లూ లేదు, హంట్ జీవితం లేదు. మొదటి పేరాలో మేజిస్ట్రేట్ల ఉత్తరం ఏ గంటకి రాశారో చూసి, అప్పటికి గాయపడ్డవాళ్ల లెక్క వాళ్లకి తెలిసే వీలుందా అని అడిగాడు. నాకు తట్టని ప్రశ్న అది. ఈ రాత్రి కూర్చుని దిద్దాలి.

డాలస్ నాన్న

పాప రేపు ఆఫీస్ అవర్స్‌కి వెళ్తానంది. ఏం పట్టుకెళ్లాలి, చిత్తుప్రతి ప్రింటు తీసుకెళ్తే సరిపోతుందా?

సెక్షన్ టీచర్

ప్రింటు, ఒక పెన్సిలు. ఎక్కడ ఆగిపోయిందో అక్కడ గీత పెట్టుకుని వెళ్లమనండి.