సీబీనాట్‌కి పంపిన తెమడ శాంపిల్స్ వెనక్కి వస్తున్నాయి, ఎక్కడ జాగ్రత్తపడాలి?

మన్యం_ఎల్‌టీ:
అందరికీ నమస్తే. నేను ఏజెన్సీలో ఒక పీహెచ్‌సీ ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా దగ్గర మైక్రోస్కోప్ తప్ప ఇంకే మెషీనూ లేదు కాబట్టి టీబీ అనుమానం ఉన్నవాళ్ళ తెమడ సీబీనాట్‌కి (టీబీ క్రిమి డీఎన్ఏని వెతికే మెషీన్ పరీక్షకి) ఘాట్ రోడ్డు మీదుగా కింద ఆస్పత్రికి పంపుతాం. ఎస్టీఎస్ (టీబీ సూపర్‌వైజర్) గారు వస్తే బండి మీద తీసుకెళ్తారు, లేకపోతే ఆర్టీసీ బస్సే దిక్కు. ఈమధ్య చాలా శాంపిల్స్ వెనక్కి వస్తున్నాయి: ఒకటి కారిందంటారు, ఒకటి సరిపోలేదంటారు, ఇంకొకటి ఉమ్మి అంటారు. రోగిని మళ్ళీ పిలవాలంటే ఒక రోజు కూలి పోగొట్టుకుని కొండ దిగి రావాలి, వాళ్ళని ఏ మొహం పెట్టుకుని రమ్మనాలి? ఐస్ సరిగ్గా లేకపోవడమే కారణమని మా వాళ్ళు అంటున్నారు, నిజమేనా? ఇంకో సంగతి, ఊళ్ళో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్ నుంచి మెడ గడ్డ ముక్క ఫార్మలిన్‌లో (కుళ్ళకుండా నిలవచేసే ద్రవంలో) వేసి పంపారు, దాన్ని ల్యాబ్ తీసుకోలేదు. దానికి ఏం చెయ్యాలి?

జిల్లా_సీబీనాట్:
తమ్ముడూ, నేను మెషీన్ దగ్గరే కూర్చునేదాన్ని కాబట్టి ఇక్కడి నుంచి కనిపించేది చెప్తా. ఐస్ గురించి అంత టెన్షన్ వద్దు. సీబీనాట్ వరకే అయితే తెమడ 35 డిగ్రీల లోపు 3 రోజుల దాకా ఆగుతుంది, ఆ తర్వాతైతే ఫ్రిజ్ ఉండాల్సిందే. అయినా కోల్డ్ బాక్స్ మానొద్దు. ఎండాకాలంలో బస్సు డిక్కీలో 35 ఎప్పుడో దాటిపోతుంది, పైగా టీబీ మందు రిఫాంపిసిన్ పనిచెయ్యట్లేదని తేలితే కల్చర్‌కి (క్రిములని పెంచి చూసే పరీక్షకి) కూడా పంపాలి కదా, వేడిలో మిగతా బ్యాక్టీరియా పెరిగిపోతే ఆ కల్చర్ పాడవుతుంది.

అసలు భయపడాల్సింది ఉమ్మికి. వెనక్కి పంపితే కనీసం మళ్ళీ తీస్తారు. కానీ పల్చటి ఉమ్మిని ఎవరూ గమనించకుండా మెషీన్‌లో పెట్టే కార్ట్రిడ్జ్‌లో పోస్తే మెషీన్ ఏ ఎర్రరూ చూపించదు, రెండు గంటలు నడిచి టీబీ లేదని చెప్పేస్తుంది. ఆ కాగితం పట్టుకుని మనిషి ఇంటికెళ్ళిపోతాడు, ఇంట్లో పిల్లలు ఉంటారు. అందుకే డబ్బా చేతికిచ్చి పంపేయకుండా రెండు నిమిషాలు దగ్గరుండండి. ముందు మామూలు నీళ్ళతో నోరు పుక్కిలించమనండి, అన్నం మెతుకులు, కిళ్ళీ ముక్కలు పోతాయి. తర్వాత గట్టిగా ఊపిరి పీల్చి కాసేపు బిగబట్టి వదలమనండి, రెండు మూడు సార్లు అలా చేశాక లోపల్నుంచి దగ్గి తీయమనండి. ఇదంతా ఆరుబయట గాలి తగిలేచోట, మీరు కొంచెం పక్కగా నిలబడి చేయించాలి, బాత్‌రూమ్‌లోనో మూసిన గదిలోనో అస్సలు వద్దు. పొద్దున లేవగానే వచ్చే తెమడైతే ఇంకా మంచిది. చిక్కగా, జిగటగా, పసుపుగానో తెల్లగానో 2 నుంచి 5 ఎంఎల్ చాలు. నురగగా నీళ్ళలా ఉంటే అక్కడే మళ్ళీ ప్రయత్నించమనండి, అప్పటికీ రాకపోతే రేపు పొద్దున తెమ్మని ఇంకో ట్యూబ్ ఇచ్చి పంపండి.

రోడ్డు_మీద_ఎస్టీఎస్:
మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కారే సంగతి నేను చెప్తాను, బండి మీద మోసేవాణ్ణి నేనే కదా. చాలాసార్లు మూత పడుతుంది కానీ మర వంకరగా ఎక్కుతుంది, చూడ్డానికి బిగిసినట్టే ఉంటుంది, ఘాట్‌లో నాలుగు కుదుపులకి కారిపోతుంది. మూత విప్పి మళ్ళీ నిదానంగా తిప్పండి, అంచున తెమడ అంటుకుని ఉంటే తుడిచాకే బిగించండి, పైన పారాఫిల్మ్‌ని (సాగే మైనపు పట్టీని), మూత బిగిసే వైపుకే లాగి చుట్టండి, ఎదురు చుడితే మూతే వదులవుతుంది. ట్యూబ్ చుట్టూ దూది, దాన్ని జిప్ కవర్‌లో, ఆ కవర్‌ని గట్టి డబ్బాలో నిలబెట్టి, చుట్టూ జెల్ ప్యాకులు పెట్టి థర్మకోల్ పెట్టెలో పెట్టాలి. ఫారం మాత్రం ట్యూబ్ ఉన్న కవర్‌లో పెట్టకండి, దానికి వేరే కవర్. ట్యూబ్ కారితే ఫారం కూడా తడిసి ఎవరి శాంపిలో తెలియకుండా పోతుంది.

పేరు, నిక్షయ్ ఐడీ (ప్రభుత్వ టీబీ పోర్టల్‌లో రోగి నంబరు), తీసిన తేదీ ట్యూబ్ ఒంటి మీద రాయండి, మూత మీద కాదు. ల్యాబ్‌లో మూతలు తీసి పక్కన పెడతారు. మార్కర్‌తో రాసి, తర్వాత ట్యూబ్‌ని స్పిరిట్‌తో తుడిస్తే రాసిందంతా చెరిగిపోతుంది, కాబట్టి రాసిన చోట సెల్లోటేప్ అంటించండి. బస్సులో పంపేటప్పుడు డ్రైవర్‌కి ఇచ్చి ఊరుకోకుండా బస్సు నంబరు ల్యాబ్‌కి ఫోన్ చేసి చెప్పండి. శనివారం మధ్యాహ్నం బస్సుకి ఎక్కిస్తే సోమవారం దాకా పెట్టె విప్పే నాథుడు ఉండడు.

మైక్రోబయాలజీ_పీజీ:
గడ్డ ముక్క సంగతి నేను చెప్తానండి. ఫార్మలిన్ కణజాలాన్ని బిగదీసేస్తుంది, అందులో క్రిములు చచ్చిపోతాయి కాబట్టి కల్చర్ దారి పూర్తిగా మూసుకుపోతుంది, డీఎన్ఏ కూడా దెబ్బతింటుంది. అందుకే సర్జన్ గారు కోసినప్పుడే ముక్కని రెండు చేయాలి, ఒకటి ఫార్మలిన్‌లో బయాప్సీ రిపోర్టుకి, రెండోది శుభ్రమైన డబ్బాలో నార్మల్ సెలైన్‌లో సీబీనాట్‌కి, కల్చర్‌కి. ఇప్పటికే మొత్తం ఫార్మలిన్‌లో వేసేసి ఉంటే దాన్ని కడిగి పంపినా లాభం లేదు, సూదితో కొత్తగా తీయించడమే మేలు.

ఇదే పీహెచ్‌సీ నుంచి వైరల్ లోడ్‌కి (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్షకి) రక్తం కూడా పంపుతుంటే ఒక మాట. తెమడలా అది ఆగదు. ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబే వాడాలి, హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత వాడితే వైరస్‌ని లెక్కపెట్టే పీసీఆర్ పరీక్ష దెబ్బతింటుంది. తీసిన వెంటనే మెల్లగా తలకిందులు చేస్తూ కలపండి, ఊపకండి. చాలా కిట్లకి 24 గంటల్లోపు ప్లాస్మా వేరు చేయాలి. రక్తాన్ని గడ్డకట్టిన జెల్ ప్యాక్‌కి ఆనించి పెట్టొద్దు, కణాలు పగిలిపోతాయి.

మన్యం_ఎల్‌టీ:
అక్కా, అన్నా, డాక్టర్ గారూ, చాలా థ్యాంక్స్. పారాఫిల్మ్ ఎదురు చుట్టే సంగతి ఇక్కడ ఎవరూ చెప్పలేదు. సర్జన్ గారికి నేను చెప్తే వింటారో లేదో, మెడికల్ ఆఫీసర్ గారితో చెప్పిస్తాను. ముక్క ఎంత సెలైన్‌లో వెయ్యమనాలి?

మైక్రోబయాలజీ_పీజీ:
మునిగేంత చాలండి, డబ్బా నిండా పొయ్యొద్దు, పల్చబడిపోతుంది. ముక్క మరీ చిన్నదైతే చుక్కలు చాలు, ఎండిపోకుండా ఉండటమే ముఖ్యం. ఆపరేషన్ రోజు ముందే తెలిస్తే ల్యాబ్‌కి ఒక ఫోన్ చేయించండి, సాయంత్రం వచ్చినా ఫ్రిజ్‌లో పెట్టడానికి మనిషి ఉంటాడు.